పటిక పెట్టిన చోటు

హైమావతి ఆ మూట విప్పడం మొదలుపెట్టినప్పుడు అందులో ఒక మనిషి నిలబడి ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

మూట అంటే బట్టల మూట కాదు. "వెన్నెల కాలువ" అని ఒకప్పటి కంప్యూటరు ఆట, దాని బొమ్మలన్నిటినీ కలిపి బిగించి కట్టిన ఫైలు. వేరే కంపెనీలైతే అలాంటి ఫైళ్ళకు నోరు తిరగని పేర్లు పెట్టుకునేవి. ఈ ఆటను తయారుచేసినవాడు పెడన అద్దకపువాడు. తాత ముత్తాతల నాటి నుంచి అద్దిన బట్టలు మూటకట్టి ఊళ్ళకు పంపే ఇంట్లో పుట్టిన మనిషికి ఇంకో పేరు ఎలా తోస్తుంది? ఫైలు పేరు చివర ఒక చుక్క పెట్టి, పక్కన 'మూట' అని రాసి ఊరుకున్నాడు. ఆ మూటకు ముడి ఎలా వేశాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. విప్పాలని కూర్చున్న గట్టివాళ్ళంతా గోళ్ళు గిల్లుకుని లేచిపోయారు.

ఆయన పేరు నాంచారయ్య. హైమావతి ఆయన కూతురే.

మరి ఆయన్నే అడిగితే సరిపోయేదిగా అంటారేమో. అడక్కేం, అడిగింది. "ఆ మూట జోలికి పోబాకమ్మా. కట్టింది కట్టినట్టు ఉండనీ" అన్నాడాయన, అంతే. ఆయన మొండితనం ఊరందరికీ తెలుసు. కూతురు కూడా ఏమీ తక్కువ తినలేదు.

బెజవాడలో ఆమె పనిచేసే ల్యాబుది చిత్రమైన వ్యవహారం. ఎవరూ ఆడని ఆటలకు అక్కడ మళ్ళీ ఊపిరి పోస్తారు. పాడైన డిస్కుల్లోంచి రాజకుమారులనూ రేసు కార్లనూ బయటికి లాగి, మ్యూజియం గోడలమీద వెలిగిస్తారు. "వెన్నెల కాలువ" అయితే అసలు బజారు మొహమే చూడలేదు. విడుదలకు అంతా సిద్ధమయ్యాక నాంచారయ్యే ఆపేశాడు. కంపెనీ మూసేసి, పెడన వచ్చి, తండ్రి వదిలిపెట్టిన అద్దకపు బల్ల ముందు నిలబడ్డాడు. ఎందుకలా చేశాడో ఎవరికీ అంతుపట్టలేదు.

పెడనలో పుట్టినవాళ్ళకు ఒక సంగతి ఎవరూ నేర్పకుండానే తెలుసు. పువ్వు ఒక అచ్చులో ఉండదు. గీతల అచ్చు వేరు, ఎరుపుది వేరు, ఆకులది వేరు. ఒకదానిమీద ఒకటి వరుస తప్పకుండా పడితేనే అది పువ్వు. నాంచారయ్య ఫైలులోనూ అదే పని చేశాడు. ప్రతి బొమ్మనూ రంగు రంగుకూ విడగొట్టి, నలుపులన్నీ ఒకచోట, పసుపులన్నీ ఒకచోట, ఎరుపులన్నీ ఇంకోచోట కట్టాడు. ఒక బొమ్మ ఒకేచోట దొరుకుతుందని వెతికినవాళ్ళకు పిచ్చిగీతలు తప్ప ఏం దొరుకుతాయి? హైమావతి మాత్రం ఇంట్లో చూసిన వరుసలోనే వేసుకుంటూ పోయింది. ముందు నలుపు, తర్వాత ఎరుపు, ఆ తర్వాత పసుపు, చివర నీలం.

తెర మీద కాలువ వచ్చింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు ఏమీ తాకకుండా చూస్తూ కూర్చుంది. వెన్నెల్లో కాలువ, దాని మీద దీపం పెట్టుకుని వెళ్ళే నాటు పడవ. గట్టున ఆరేసిన బట్టలు ఎంత పొడుగున్నాయంటే వాటి చివర కనిపించదు. గాలికి అవి లేస్తుంటే వాటిమీద అద్దిన చిలకలు గూటికి పోతున్నాయేమో అనిపిస్తోంది. రేవు తర్వాత రేవు. ఎక్కడా శత్రువు లేడు, తుపాకీ లేదు. పడవ ప్రతి రేవు దగ్గరా ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. నాన్న తలలో ఇంత చల్లటి చోటు ఉందా అని ఆమెకు గుండె నిండిపోయింది.

కానీ ప్రతి రేవు మెట్ల మీదా ఒక తెల్లటి ఖాళీ ఉంది. మనిషంత ఖాళీ. భుజాలున్నాయి, ఒరిగిన తల ఉంది, గాలికి లేచిన పైట అంచు ఉంది. లోపల మాత్రం ఏమీ లేదు.

ఫైలు దెబ్బతిన్నదేమో అనుకుంది. మూట అడుగున ఇంకా బోలెడన్ని అచ్చులు మిగిలాయి గానీ, తీసి చూస్తే అన్నీ తెల్లగానే ఉన్నాయి. గాజుసామాను కదలకుండా గడ్డి కూరినట్టు చోటు నింపడానికి పెట్టినవనుకుని పక్కన పడేసింది. అద్దకపువాళ్ళ పిల్ల అయ్యుండీ అలా అనుకుంది చూశారా, అదీ చదువు మహిమ.

"ఖాళీల్ని యంత్రం చేత పూరించేద్దాం హైమా. వచ్చేవారం మ్యూజియం వాళ్ళకి ఇచ్చెయ్యాలి" అన్నారు ల్యాబు పెద్ద సుకుమారి గారు.

యంత్రం క్షణంలో పూరించింది. రేవు మెట్లమీద నవ్వుతూ ఒక అమ్మాయి నిలబడింది. చక్కటి ముక్కు, చక్కటి కళ్ళు. ఎవరికీ అక్క కాదు, ఎవరికీ వదిన కాదు, అలాంటి మొహం.  హైమావతి దాన్ని చెరిపేసి, బొమ్మలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, శనివారం పొద్దున్నే పెడన రైలెక్కింది.

*

ఇంటి సంగతి కాస్త చెప్పాలి.

హైమావతికి తొమ్మిదేళ్ళప్పుడు, ఆట ఆగిపోయిన రోజుల్లోనే, నాంచారయ్యకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక లేచి కూర్చుని, మంచినీళ్ళిచ్చిన భార్యను చూసి, "మీరెవరండీ?" అన్నాడు. భ్రమరాంబ వేళాకోళమనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

కూతురు గుర్తుంది. ఊరు గుర్తుంది, పని గుర్తుంది, ఏ రంగులో ఎంత బంక కలపాలో కూడా గుర్తుంది. భార్య ఒక్కతే లేదు. ఆవిడ ఉన్నచోటల్లా తెగిపోయింది. డాక్టర్లు జ్వరం తలకెక్కిందన్నారు. ఈవిడ మీ భార్యేనండీ అని పదిమందీ చెబితే సరేనన్నాడు. మర్యాదస్తుడు కదా, ఆనాటి నుంచి "భ్రమరాంబ గారూ, కాస్త మజ్జిగ పోస్తారా?" అంటూ సొంతింట్లో చుట్టంలా బతుకుతున్నాడు. "ఎంత అదృష్టమే నీది, మా ఆయన ఒక్కనాడన్నా గారూ అన్నాడా!" అని ఇరుగమ్మలు మేలమాడితే ఆవిడ నవ్వేసి లోపలికి పోయేది. లోపల ఏం చేసేదో హైమావతికి తెలుసు.

కూతుర్ని పడుకోబెట్టేటప్పుడు మాత్రం ఆవిడ ఒకే కథ చెప్పేది. పైడమ్మ జాతరకు మేనత్త ఇంటికి వచ్చి కాలవ రేవులో నిలబడిన కథ. మోకాలి లోతు నీళ్ళలో బట్టలు జాడిస్తున్న కుర్రాడు తనను చూస్తూ నోరు తెరిచి నిలబడిపోయాడు. చేతిలో బట్ట జారి నీళ్ళలో కొట్టుకుపోయింది. ఈవిడే గట్టు వెంట పరిగెత్తి, కింది రేవులో దాన్ని పట్టి తెచ్చి, "బట్ట మీద చూపుండాలండీ" అని కసిరింది. "బట్ట మీదే చూపుంటే మీరు ఇటు వచ్చేవారా?" అన్నాడట ఆ కుర్రాడు. అక్కడికి వచ్చేసరికి అమ్మ ఎప్పుడూ నవ్వుతూ దీపం తగ్గించేది.

ఆ రోజును మోసేవాళ్ళు ఇద్దరుండాల్సింది. ఇన్నేళ్ళుగా ఒక్కరే మోస్తున్నారు. హైమావతి ఈ మూట పట్టుకుని వేలాడటానికి అసలు కారణం మ్యూజియం కాదు. జ్వరానికి ముందు నాన్న చేతుల్లోంచి వచ్చినవి ఏవైనా ఆయనకు చూపిస్తే, ఎక్కడో ఒక తలుపు తెరుచుకోదా అని ఆశ.

*

ఆమె వెళ్ళేసరికి నాంచారయ్య పాకలో అద్దకంలో ఉన్నాడు. తడిపిన గోనె, దానిమీద దుప్పటి మడతలు పరిచిన పొడుగాటి బల్ల, బల్లమీద కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన బట్ట. ఆయన అచ్చును గిన్నెలో అద్ది, బట్టమీద పెట్టి, మణికట్టుతో ఒక గుద్దు గుద్దాడు. తీశాడు. బట్టమీద ఏమీ పడలేదు. పక్కకు జరిపి మళ్ళీ గుద్దాడు. మళ్ళీ ఏమీ లేదు. చివరిదాకా అలాగే, ఏమీ కనబడనిదాన్ని ఎంతో శ్రద్ధగా అద్దుకుంటూ వెళ్ళాడు.

హైమావతి చేతిలో సంచి జారి కింద పడింది.

"అది పటిక కదా నాన్నా?"

"పటిక కాకపోతే పంచదారా? ఏందమ్మా, కొత్తగా చూస్తున్నావు!"

పటిక నీళ్ళకు రంగుండదు. మిగతావాళ్ళు కంటికి ఆనడానికి కాస్త ఎర్రమట్టి కలుపుతారు. నాంచారయ్యకు అది నామోషీ. పటిక పడినచోటు తెల్లగానే ఉంటుంది. తర్వాత ఆ బట్టను ఎర్రరంగు దిగే చిరివేరు వేసిన రాగి డేగిసాలో ఉడికిస్తారు. అప్పుడు పటిక ఎక్కడ పెట్టారో అక్కడ మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పువ్వులు పైకి తేలతాయి.

"మూటలో తెల్ల అచ్చులు కూడా పటికేనా?" అని అడిగింది.

ఆయన చెయ్యి ఆగింది. "విప్పేశావా?" అన్నాడు. కోపంగా కాదు. కూతురి పనితనానికి కాస్త మురిసిపోయినట్టే ఉంది ఆ గొంతు.

"మరి వాటిని ఉడికించేది దేంట్లో?"

నాంచారయ్య బల్లకు ఆనుకుని చేతులు తుడుచుకున్నాడు. "చూసేవాళ్ళ తలలో" అన్నాడు. "తలకో పట్టీ ఉండేది. అది పెట్టుకుని బొమ్మ వంక చూస్తే, నీలోంచి రంగు దిగి ఆ తెలుపులోకి ఎక్కిద్ది. నీ మనసులో మనిషి ఎవరో వాళ్ళే రేవు మీదకొచ్చి నిలబడతారు. ఎవరి ఆట వాళ్ళది. ఎంత బావుండేదో తెలుసా? కానీ దిగింది మళ్ళీ నీలోకి ఎక్కదు. డేగిసాలో చిరివేరు ఉడికాక ఏం మిగిలిద్ది, పిప్పేగా? అది తెలిసొచ్చాక పిల్లల చేతికి ఎట్టా ఇస్తాం?"

"ఎట్టా తెలిసింది నాన్నా?"

"మా అమ్మ పెట్టే గోంగూర రుచి పోయింది. ఎంత తలుచుకున్నా రాలా. ఇంకేం పోయినయ్యో నాకేం తెలుస్తది? పోయిందేందో పోయినోడికి తెలీదు కదమ్మా."

పాక గుమ్మంలో భ్రమరాంబ టీ గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

హైమావతి అడిగింది. "మీరు ఉడికించిన బొమ్మలు ఏమైనయ్ నాన్నా?"

"చెరిపేశా. నెలల తరబడి నేనే పెట్టుకుని చూశాగా, అన్నీ రంగెక్కి కూర్చున్నయ్. చూస్తే ప్రతి రేవు మీదా ఒకే అమ్మాయి. ఎవరో తెలీదు. పరాయి ఆడపిల్ల బొమ్మలు అడక్కుండా ఆటలో పెట్టడం మర్యాద కాదు కదా! ఒక్కటి కూడా మిగల్చకుండా చెరిపేశా."

జ్వరం కాదు. ఇన్నాళ్ళూ జ్వరమనుకున్నది జ్వరం కానే కాదు.

భ్రమరాంబ గ్లాసులు బల్లమీద పెట్టింది. కాస్త టీ వేళ్ళమీద ఒలికింది. "అయ్యో, కాల్చుకోలేదు కదండీ?" అన్నాడు నాంచారయ్య, ఎంతో ఆదరంగా.

*

ఆదివారం పొద్దున ఆయన ఉడికిన బట్టలు మోసుకుని కాలవకు వెళ్ళగానే హైమావతి పాత అచ్చుల పెట్టె తెరిచింది. పట్టీని పారేయడానికి చేతులు రాక అందులోనే పడేశానని రాత్రి భోజనాల దగ్గర ఆయనే అన్నాడు. పట్టీ అడుగునే ఉంది. దుమ్ము దులిపి ల్యాప్‌టాప్‌కు తగిలించి, పక్కన పడేసిన తెల్ల అచ్చుల్ని రేవుల ఖాళీల్లో వేసి, నాన్న చెప్పింది నిజమో కాదో తనే తేల్చుకోవాలని, తల్లి వద్దంటున్నా వినకుండా, తలకు పెట్టుకుని మొదటి రేవు బొమ్మ తెరిచింది.

ముందు ఏమీ జరగలేదు. తర్వాత చెవుల వెనక వెచ్చగా అనిపించింది. ఎండాకాలం మధ్యాహ్నం ఎవరి ఒళ్ళోనో పడుకున్నంత హాయి. తెల్లటి ఖాళీ అంచులు గులాబీరంగు తిరిగాయి. కాళ్ళ దగ్గర మొదలై చీర వచ్చింది, చీరమీద చింతపండు బుట్ట, బుట్టలో గింజలు తీస్తున్న వేళ్ళు, ముడతల చెంపలు, బోసినవ్వు. రేవు మెట్లమీద ఒక ముసలావిడ కూర్చుని, వచ్చి పడుకో అన్నట్టు ఒళ్ళు సర్దుకుంటోంది.

"ఎంత బావుందమ్మా ఈ ముసలమ్మ! ఎవరు?" అంది హైమావతి.

భ్రమరాంబ తెర వదిలి కూతురి మొహంలోకి చూసింది. మెల్లగా అంది. "మీ నాయనమ్మే. నీకు నాలుగేళ్ళప్పుడు పోయింది. ఆవిడ చింతపండు వలుస్తుంటే ఒళ్ళో పడుకున్నాననీ, నీకు గుర్తున్నది అదొక్కటేననీ నువ్వే చెప్పేదానివి."

హైమావతి వెతుక్కుంది. నాలుక చివర లేదు, లోపలెక్కడా లేదు. ఏదో పోయిన బాధ కూడా లేదు, అదే భయం. పట్టీ లాగేసి, లేచి దాన్ని పగలగొట్టబోయింది.

తల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇంకో రేవు తియ్యవే. నేను పెట్టుకుంటా."

"నీకేమన్నా పిచ్చా? ఏది పోద్దో మన చేతిలో లేదమ్మా. నాన్నకి నువ్వు లేవు. నీకు కూడా నాన్న లేకుండా పోతే మీ ఇద్దరికీ ఇంకేం మిగిలిద్ది?"

"ఆయనతో కాపురం చేసినదాన్నే, ఒక్క బొమ్మకి అంతా అయిపోద్దా? పోతే ఒక రోజు పోద్ది. ఏ రోజో కూడా నాకు తెలుసు, ఎప్పుడూ తలుచుకునేది అదేగా." భ్రమరాంబ పీట లాక్కుని కూర్చుంది. "నా దగ్గర దాచుకుని ఏం చేసుకోనే? ఆ రోజు ఆయనది కూడా. ఒక్కసారి ఆయన కంటపడితే చాలు. ఆయన రంగులన్నీ నా కోసం పోసేశాడు. నేను ఒక్కటి పోయలేనా?"

"ఆయనకి అప్పటికీ గుర్తు రాకపోతే?"

"రాకపోతే పోనీ. పెట్టు."

హైమావతికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పట్టీ తల్లి నెరిసిన జుట్టుమీద సర్దింది, నొప్పి పెట్టకుండా ముడి పైకెత్తి మరీ.

భ్రమరాంబ తెర వంక చూసింది. ఆవిడ మొహం మెల్లమెల్లగా సడలి, నుదుటి గీతలు పలచబడి, ఎవరో పిలిస్తే వస్తున్నానన్నట్టు పెదవులు కదిలాయి. రేవు ఎరుపెక్కింది. యంత్రం పూసిన ఎరుపు కాదు, ఉడికి ఉడికి తేలిన ఎరుపు. వెన్నెల పోయి ఉదయపుటెండ వచ్చింది. మోకాలి లోతు నీళ్ళలో ఒక కుర్రాడు, పంచె ఎగగట్టుకుని, తడి జుట్టుతో, నోరు తెరుచుకుని ఇటే చూస్తూ నిలబడ్డాడు. అతని వెనక నీళ్ళలో ఒక పొడవాటి బట్ట తన మానాన తాను కొట్టుకుపోతోంది. లోకంలో ఏ బొమ్మలోనూ హైమావతి అంత అందమైన మనిషిని చూడలేదు. అమ్మ కంటికి నాన్న ఇలా ఉండేవాడన్నమాట.

హైమావతి తల్లి తలమీంచి పట్టీ తీసి అడిగింది. "అమ్మా, నేనెవర్ని?"

"ఏందే ఆ అడగడం!"

"నాన్న ఎక్కడ?"

"కాలవకి వెళ్ళారుగా."

"నాన్నని మొట్టమొదట ఎక్కడ చూశావు?"

భ్రమరాంబ ఎప్పటిలాగే నవ్వుతూ నోరు తెరిచింది. కథ మొదలుపెట్టేటప్పుడు నవ్వే నవ్వే అది. నవ్వు వచ్చింది గానీ, దాని వెనక కథ రాలేదు. 

*

నాంచారయ్య తిరిగి వచ్చేసరికి ఆవిడ ఇంకా తెర ముందే కూర్చుని ఉంది. ఆయన భుజంమీద పిండిన బట్ట ఒకటి వేలాడుతోంది. పట్టీనీ, రంగెక్కిన బొమ్మనూ చూడగానే ఆయన మొహం మారిపోయింది.

"ఎవరు పెట్టుకున్నారిది?"

"నేనేనండీ" అంది భ్రమరాంబ.

"ఎందుకు చేశారండీ అంత పని? చెప్పానుగా, దిగింది మళ్ళీ రాదని!"

"మీకు చూపించాలని."

"ఏం చూపించాలని?"

ఆవిడ ఆలోచించింది. "గుర్తు రావట్లేదండీ" అని సిగ్గుపడింది.

నాంచారయ్య తెర దగ్గరికి వంగాడు. ఆ కుర్రాణ్ణి పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. "నేనే కదమ్మా ఇది" అన్నాడు కూతురితో, నమ్మలేనట్టు. "వెధవ, వెనక బట్ట కొట్టుకుపోతుంటే నోరు తెరుచుకుని ఎవర్ని చూస్తున్నాడు?"

జవాబు హైమావతి నాలుక మీదికి వచ్చింది. బిగబట్టుకుంది.

ఆయన తర్వాత రంగును చూశాడు. అద్దకపువాడు కదా, అసలు చూసింది దాన్నే. ఏ ఎరుపు ఎంతసేపు ఉడికిందో, ఎన్నాళ్ళు నానిందో కంటితో చెప్పగలడు. జీవితమంతా రంగుల్లో చేతులు పెట్టినా అంత గట్టి ఎరుపు తన డేగిసాలో ఎన్నడూ దిగలేదు. ఒక మనిషిని ఇలా చూసినవాళ్ళు ఉన్నారు. ఆ మనిషి తను. చూసినవాళ్ళు ఇక్కడే, ఈ ఇంట్లోనే, ఇన్నేళ్ళూ మజ్జిగ పోస్తూ ఉన్నారు.

తల తిప్పి భ్రమరాంబను చూశాడు. మర్యాద కోసం చూసే చూపు కాదది. చూస్తూ అలాగే ఉండిపోయాడు. నోరు కాస్త తెరుచుకుంది.

భుజంమీది తడిబట్ట మెల్లగా జారింది. ఆయన చూసుకోలేదు. అది మట్టి నేలను తాకేలోగా భ్రమరాంబ చటుక్కున లేచి, రెండు చేతులతో పట్టేసింది. పట్టి, గుండెలకు హత్తుకుని, కసిరింది.

"బట్ట మీద చూపుండాలండీ."

ఆ మాట తాను ఇంతకు ముందు ఒకసారి అన్నానని ఆవిడకు తెలియదు. విన్నానని ఆయనకూ తెలియదు. ఆ ఇంట్లో అది తెలిసిన మనిషి హైమావతి ఒక్కతే. నాంచారయ్య మొహంలో ఎక్కడి నుంచో ఒక కొంటె నవ్వు బయలుదేరింది, ఆయన జవాబు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. వందసార్లు విన్న కథే అయినా, మొదటిసారి వినబోతున్నట్టు హైమావతి ఊపిరి బిగబట్టి నిలబడింది.